పిల్లోడికి గేమ్ ఎక్కించే ముందు నేను చూసేవి

ఎండాకాలం సెలవులకి మా అక్క కొడుకు ఒంగోలు నించి కావలి వచ్చినాడు, ఎనిమిదేళ్ళోడు. బస్సు దిగంగానే "మామా, ఫోనియ్యి" అన్నాడు. పిల్లి బొమ్మతో ఏదో గేమ్, 3+ అని రాసుంది, ఇంకేం భయంలే అని ఎక్కించి ఇచ్చేసినా. సాయంత్రం మా అమ్మ వాడి పక్కన కూర్చోని "ఏందిరా ఇది, పిల్లి ఆటలో పేకాట ఆడమంటా ఉండారు" అని కేకేసింది. చూస్తే రమ్మీ యాడ్. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించినారు, యాడ్ మాత్రం పిల్లి వెనకాల దూరి ఇంట్లోకి వచ్చేసింది.

అప్పటినించి ఆ అంకె ఒక్కటే చూసి ఎక్కించడం మానేసినా. ప్లే స్టోర్‌లో 3+, 7+, 12+, 16+, 18+ అని ఉంటాయి కదా, అవి ఎవరో గేమంతా ఆడి చూసి వేసే మార్కులు కాదబ్బా, గేమ్ చేసినోళ్ళే ఒక ప్రశ్నల ఫారం నింపితే దాన్నిబట్టి వచ్చేవి. రక్తం, బూతులు, జూదం ఉన్నాయా అనేదానికి పనికొస్తుంది, అంతే. ఆట పిల్లోడికి అర్థమవుద్దా లేదా అది చెప్పదు. చదరంగానికి కూడా 3+ ఏ ఉంటది, మూడేళ్ళ బిడ్డ ఏం ఆడతాది?

అసలు చూడాల్సింది ఇంకొంచెం కింద ఉంటది. "అబౌట్ దిస్ గేమ్" దగ్గర బాణం నొక్కి అడుగుదాకా పోండి. "యూజర్స్ ఇంటరాక్ట్" అని ఉంటే ముక్కూమొహం తెలీనోళ్ళు మీ పిల్లోడితో మాట్లాడొచ్చని, నేనైతే పదేళ్ళ లోపోళ్ళకి అక్కడే ఆపేస్తా. "ఇన్-యాప్ పర్చేజెస్" పక్కన ఒక్కో వస్తువు ఎంతనించి ఎంతదాకా అని రేటు కూడా ఉంటది, పై రేటు వేలల్లో ఉందంటే ఆ గేమ్ ఎవరి జేబు చూసి చేసినారో తెలిసిపోతుంది. "రాండమ్ ఐటమ్స్" అని ఉంటే ఇంకా జాగ్రత్త, డబ్బు కట్టి పెట్టె తెరవాల, లోపల ఏముందో తెలీదు, తిరునాళ్ళలో రింగులేసే అంగడి మాదిరే, కాకపోతే ఈ అంగడి రాత్రి కూడా మూయరు.

ఆ తర్వాత మీరే ఒక అరగంట ఆడండి, సిగ్గుపడబాకండి. యాడ్ మూసే గుర్తు దొరకతా ఉందా, ఓడిపోతే "అరగంట ఆగు, లేకపోతే కొను" అంటా ఉందా, రోజూ రాకపోతే బహుమతి పోద్దని బెదిరిస్తా ఉందా చూడండి. నెట్ ఆపేసి కూడా ఒకసారి తెరవండి, నడిస్తే మంచిదే, చాలావరకు యాడ్‌ల గోల ఉండదు.

తుపాకీ గేమ్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చిన్నోళ్ళకి వద్దు. పబ్జీ మాదిరి తుపాకీ గేమ్ బీజీఎంఐ 2021లో వచ్చినప్పుడు 18 ఏళ్ళ లోపోళ్ళకి రోజుకి 3 గంటలు, ఖర్చు 7,000 రూపాయలకి మించకూడదని హద్దు పెట్టినారు. రోజుకి ఏడు వేలంట! మా వీధిలో ఇంటి బాడుగ అంత లేదు.

ఇంకోటి, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొన్న ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేట్టు పెట్టుకోండి, ఆ పాస్‌వర్డ్ పిల్లోడి ముందర కొట్టబాకండి, వాళ్ళ కళ్ళు మన వేళ్ళ మీదే ఉంటాయి.

పిల్లి గేమ్ తీసేసినాక మావోడు రెండు రోజులు నాతో మాట్లాడలా, మూడో రోజు క్యారమ్స్ బోర్డు మీద పౌడర్ చల్లంగానే వచ్చి కూర్చున్నాడు.