ఆటోమేటిక్ పికప్‌లో గేరు లివర్ బిగుసుకుపోతే: గేరు బాక్స్ దించే ముందు ఏం చూడాలి?

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి, ఒడిశాలోని పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్ మీదుగా జయపురం వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మీద పికప్ అంటే ఇప్పటికీ చాలావరకు క్లచ్చి, గేరు రాడ్డు ఉన్న బండే. ఆటోమేటిక్ పికప్‌లు మా వైపు ఈమధ్యనే కనిపిస్తున్నాయి. టయోటా హైలక్స్ మన దేశానికి వచ్చిందే 2022లో. అందుకే ఇలాంటి బండిలో లివర్ కదలడం కష్టమైతే షెడ్లో ముందుగా వినపడే మాట, "గేరు బాక్స్ దించాలండీ." నాకూ అదే చెప్పారు. చివరికి నా బండిలో పోయింది చిటికెన వేలంత లావున్న ఒక కేబుల్. ఆ తేడా ఇంట్లోనే ఎలా తేల్చుకోవచ్చో చెబుతాను.

ముందుగా, మనం లివర్ కదిపినప్పుడు ఏం జరుగుతుందో తెలియాలి. క్యాబిన్‌లో లివర్. దాని కింద నుంచి బయలుదేరి గేరు బాక్స్ పక్కకు వెళ్ళే కేబుల్. అక్కడ గేరు బాక్స్ పక్కనున్న చిన్న ఇనుప చెయ్యి, దాన్ని సెలెక్టర్ ఆర్మ్ అంటారు. లివర్ కేబుల్‌ను నెడుతుంది, కేబుల్ ఆర్మ్‌ను తిప్పుతుంది, ఆర్మ్‌కు ఉన్న ఇరుసు లోపల వాల్వును జరుపుతుంది. మన చేతితో జరిగే పని ఇంతే. ఒకటో గేరు నుంచి ఆరో గేరు దాకా మారే పనంతా తర్వాత ఆయిల్ ప్రెషరూ కంప్యూటరూ చూసుకుంటాయి. కాబట్టి బిగుసుకున్నది ఎక్కడో ఈ మూడు చోట్లా వెతకాలి: లివర్ దగ్గర, కేబుల్‌లో, ఆర్మ్, దాని ఇరుసు వైపు.

లివర్ గట్టిగా ఉందా, బండి కుదుపుతోందా?

ఈ రెంటినీ కలిపి "గేరు గట్టిగా పడుతోంది" అనేస్తాం. అక్కడే సగం డబ్బు వృథా అవుతుంది. లివర్ చేతికి తేలిగ్గానే ఉండి, డీలో (డ్రైవ్, అంటే ముందుకు నడిపే స్థానంలో) వేశాక బండి దబ్బున కుదిపినా, ఆలస్యంగా అందుకున్నా అది వేరే కథ. గేరు ఆయిల్, ఇంజిన్ మౌంటింగులు, కంప్యూటర్ స్కానింగు వైపు వెళ్ళాలి. చేతికి లివర్ బరువుగా తగులుతుంటే మాత్రం ఆయిల్ మార్చి లాభం లేదు. పైగా ఇప్పటి చాలా ఆటోమేటిక్ గేరు బాక్సులకు డిప్‌స్టిక్కే ఉండదు. ఆయిల్‌ను కంపెనీ చెప్పిన వేడికి తెచ్చి, పక్క బోల్టు విప్పి మట్టం చూడాలి. "ఒక లీటరు పోసేద్దాం" అనే బేరం ఇక్కడ కుదరదు.

బిగుసుకున్నది ఎక్కడ ఆపినప్పుడు?

ఘాట్‌లో టీ కోసం ఆపి, తిరిగొచ్చి చూస్తే లివర్ పీలోంచి (పార్కింగ్ స్థానంలోంచి) రాదు. గట్టిగా లాగితే లోపల ఠంగుమని మోగి ఊడుతుంది. ఇది మీకు ఏటవాలు మీదే జరుగుతుంటే, చదునైన నేల మీద ఎప్పుడూ జరగకపోతే, బండిలో లోపం లేనట్టే. ఆపే పద్ధతిలో ఉంది.

పీలో వేసినప్పుడు గేరు బాక్స్ లోపల ఒక ఇనుప కొక్కెం పళ్ళ చక్రంలోకి దిగి దాన్ని ఆపుతుంది. హ్యాండ్ బ్రేకు వేయకుండా పీలో పెట్టి కాలు తీశామంటే, బండి బరువు, వెనక ఉన్న అల్లం బస్తాల బరువు మొత్తం ఆ ఒక్క కొక్కెం మీద వాలుతుంది. ఆ ఒత్తిడిలోంచి దాన్ని పైకి లాగాలి మనం. బలం అక్కర్లేదా మరి!

వాలు మీద ఆపేటప్పుడు వరుస ఇదీ. కాలి బ్రేకు నొక్కి ఉంచి లివర్ ఎన్‌లో (న్యూట్రల్‌లో) పెట్టండి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి. కాలు మెల్లగా ఎత్తండి. బండి కాస్త కదిలి హ్యాండ్ బ్రేకు మీద కూర్చుంటుంది. మళ్ళీ కాలి బ్రేకు నొక్కి పీలో వేయండి. బయలుదేరేటప్పుడు ముందు లివర్ పీలోంచి తీయండి, ఆ తర్వాతే హ్యాండ్ బ్రేకు వదలండి. కాలు ఎత్తినప్పుడు బండి హ్యాండ్ బ్రేకు మీద ఆగకుండా జారిపోతుంటే, మీరు సరిచేయించాల్సింది గేరు బాక్స్ కాదు, వెనక చక్రాల బ్రేకు.

ఇప్పటికే ఇరుక్కుపోయి అస్సలు రాకపోతే వేలాడి లాగకండి. దిగువ వైపు చక్రాలకు రాళ్ళు పెట్టించి, బండి దిగువన ఎవరినీ నిలబడనివ్వకుండా, పై వైపు నుంచి ఇంకో బండికి తాడు కట్టి అంగుళం లాగిస్తే చాలు. అప్పుడు మీరు సీట్లోనే ఉండాలి. బండి పైకి కదలగానే కాలి బ్రేకు గట్టిగా నొక్కి లివర్ తీయండి, వెన్నలా వస్తుంది.

చదునులోనూ పీ దాటకపోతే

తాళం ఆన్‌లో పెట్టి, చెవి లివర్ దగ్గర పెట్టి బ్రేకు నొక్కండి. "టిక్" మని చిన్న శబ్దం రావాలి. బ్రేకు నొక్కకుండా ఎవరూ పీలోంచి తీయకుండా ఉండేందుకు పెట్టిన లాకు విడిపోయే శబ్దం అది. టిక్ లేకపోతే బండి వెనక ఒకరిని నిలబెట్టి బ్రేకు లైట్లు వెలుగుతున్నాయేమో అడగండి. లైట్లు కూడా లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత పెడల్ దగ్గరుండే బ్రేకు స్విచ్చి చూడాలి. లైట్లు వెలుగుతూ టిక్ రాకపోతే అనుమానం ఆ లాకు మీద, దాని వైర్ల మీద. బ్యాటరీ దిగిపోయినా ఇదే జరుగుతుంది. చాలా బండ్లలో లివర్ పక్కన చిన్న మూత ఉంటుంది. దాన్ని తీసి లోపల నొక్కుతూ లివర్ జరపవచ్చు. మీ బండిలో అది ఎక్కడుందో మాన్యువల్ పుస్తకంలో ఉంటుంది. అది షెడ్డు దాకా చేరడానికి మాత్రమే.

టిక్ వస్తోంది గానీ లివర్ జిగురు జిగురుగా కదులుతోందా? టీ ఎప్పుడు ఒలికిందో గుర్తు చేసుకోండి. నవ్వకండి, చక్కెర టీ ఎండితే బంకే. చిల్లర నాణేలు, చాక్లెట్ కాగితాలు కూడా ఆ సందులోకి జారుతుంటాయి. పైమూత విప్పి శుభ్రం చేస్తే సరిపోతుంది.

పొద్దున ఎలా ఉంది, ఘాట్ ఎక్కాక ఎలా ఉంది?

ఎవరూ అడగని ప్రశ్న ఇది. నా బండి విషయంలో జవాబంతా ఇందులోనే ఉంది. సాలూరులో పొద్దున లివర్ బాగానే ఉండేది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. సరుకుతో అంత ఎత్తు ఎక్కి సెమిలిగుడలో ఆపేసరికి రివర్స్ వేయడానికి రెండు చేతులు కావాల్సి వచ్చేది. ఒక షెడ్లో గేరు బాక్స్ విప్పడానికి సిద్ధమయ్యారు. సాలూరులో ఒక పెద్ద మేస్త్రి మాత్రం బండి కిందకు దూరి, "బాబూ, ఈమధ్య సైలెన్సర్‌కి వెల్డింగు చేయించావా?" అన్నారు. "చేయించానండీ, రెండు నెలలైంది" అన్నాను. ఆ వెల్డింగులో కేబుల్‌ను పట్టి ఉంచే క్లిప్పు తీసి మళ్ళీ పెట్టలేదు. కేబుల్ జారి సైలెన్సర్ పైపుకు ఆనుకుంది. కేబుల్ లోపల ప్లాస్టిక్ లైనింగు ఉంటుంది. పైపు వేడికి అది మెత్తబడి తీగను పట్టేసుకుంటోంది. చల్లారాక మళ్ళీ కొంచెం వదులుతోంది.

మీరూ ఇలాగే నాలుగు రోజులు గమనించండి. వేడెక్కాకే బిగుస్తుంటే కేబుల్ దారి చూడండి. డిసెంబరు చలిలో పొద్దున పూట మాత్రమే బిగుస్తుంటే లివర్ కింది గ్రీజు ముద్దకట్టి ఉంటుంది, లేదా కేబుల్‌లో తేమ చేరి ఉంటుంది. వానల్లో ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగిన కొద్దికాలానికి మొదలైతే ఆర్మ్ దగ్గర తుప్పు. ఖాళీగా ఉన్నప్పుడు బాగుండి, సరుకు వేస్తే గట్టిపడితే గేరు బాక్స్ మౌంటింగు రబ్బరు నలిగి కేబుల్ వంకర పోతోందేమో చూడాలి.

అసలు పరీక్ష: కేబుల్ ఊడదీయడం

ఇక్కడ తొందర వద్దు. కేబుల్ ఊడదీశాక క్యాబిన్‌లో లివర్ పీలో ఉన్నా, గేరు బాక్స్ ఎన్‌లో ఉండవచ్చు. అంటే బండి జారవచ్చు. చదునైన నేల, హ్యాండ్ బ్రేకు, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా రాళ్ళు, ఇంజిన్ ఆఫ్, తాళం మీ జేబులో. సైలెన్సర్ చల్లారాక దూరండి. బండి ఎత్తాల్సి వస్తే స్టాండు పెట్టాలి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకు ఎంత అనుభవం ఉన్నవాళ్ళూ వెళ్ళకూడదు.

గేరు బాక్స్ పక్కన ఆర్మ్‌కు కేబుల్ కొస తగిలించి ఉంటుంది. కొన్ని బండ్లలో బంతి మీద నొక్కి పెట్టినట్టు, కొన్నిట్లో నట్టుతో. విప్పే ముందు అది ఎక్కడ కూర్చుందో మార్కర్‌తో గీత గీసి, ఫోన్‌లో ఫొటో తీయండి. తర్వాత ఊడదీసి మీ చేత్తో ఆర్మ్‌ను తిప్పండి. ఒక్కో స్థానానికి టక్కున కూర్చోవాలి. పీ, ఆర్ (రివర్స్), ఎన్, డీ లెక్క వినిపించాలి. కొంత బిగువు ఉండడం మామూలే, లోపల స్ప్రింగు పట్టి ఉంచుతుంది. ఇసుకలో తిప్పినట్టు గరగరమనకూడదు, అసలు తిరగకుండానూ ఉండకూడదు.

ఆర్మ్ హాయిగా తిరిగిందా? మీ గేరు బాక్స్ జోలికి ఎవరినీ రానివ్వకండి. ఇప్పుడు ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి, తాళం చేతికిచ్చి ఆన్ మాత్రమే చేయమని, ఇంజిన్ స్టార్టు చేయొద్దని ఖచ్చితంగా చెప్పి, బ్రేకు నొక్కి లివర్ జరపమనండి. ఇంకా బరువుగా ఉంటే తప్పు పైదే. లివర్ దగ్గర కొస కూడా విప్పి లివర్‌ను విడిగా, కేబుల్‌ను విడిగా కదిపితే ఏది బిగుసుకుందో తేలిపోతుంది. లివర్ పివట్ (లివర్ ఊగే కీలు) అయితే శుభ్రం చేసి ఆ చోటికి సరిపడే గ్రీజు పెట్టాలి. కేబుల్ అయితే మార్చడమే. ఇంజిన్ ఆయిల్ సూదితో ఎక్కించి "సరిపోయింది" అనేవాళ్ళు ఉంటారు. నేనూ ఒకసారి ఒప్పుకున్నాను. వారం తిరగలేదు, దుమ్ము ఆ ఆయిల్‌కు అంటుకుని ముందుకంటే గట్టిగా అయింది. కొత్త కేబుల్ వేసేటప్పుడు పాత క్లిప్పులన్నీ పెట్టించండి. సైలెన్సర్‌కు దూరంగా, మడత పడకుండా వంపు తిరగాలి.

ఆర్మ్ కూడా తిరగకపోతే ఇంకో చిన్న భాగం ఉంది. ఇరుసు మీద బయటే కూర్చునే ఇన్హిబిటర్ స్విచ్చి. పీలోనో ఎన్‌లోనో ఉంటే తప్ప బండి స్టార్టు కాకుండా చూసేది అదే. నీళ్ళు దూరి లోపల తుప్పు పడితే ఇరుసునే పట్టేస్తుంది. మెకానిక్ దాన్ని విప్పి తీశాక ఇరుసు తేలిగ్గా తిరిగితే దొంగ దొరికినట్టే. దాని స్థానానికి కూడా గీత గీయించండి. తేడాగా బిగిస్తే స్టార్టు కావడం మానేయవచ్చు, లేదా డ్యాష్ మీద తప్పు అక్షరం చూపించవచ్చు. స్విచ్చి తీశాక కూడా ఇరుసు బిగుసుకునే ఉంటేనే గేరు బాక్స్ లోపలి పని. అప్పుడు షెడ్డుకు వెళ్ళి "గేరు గట్టిగా ఉంది" అనకండి. "కేబుల్ ఊడదీసి, స్విచ్చి తీసి చూశాం, ఇరుసే తిరగట్లేదు" అని చెప్పండి.

తిరిగి బిగించాక

పైన లివర్ ఎన్‌లో, కింద ఆర్మ్ ఎన్‌లో ఉంచి కేబుల్ తగిలించాలి. కేబుల్ సర్దుబాటు నట్టు గానీ లాకు గానీ అప్పుడే బిగించాలి. లాగిపెట్టి కలిపారంటే పైన పీ అని చూపిస్తూ కింద కొక్కెం సగమే దిగుతుంది. అలాంటి బండి ఆపి వెళ్ళిపోతే, తిరిగొచ్చేసరికి అది రోడ్డు పక్క కాలవలో ఉండవచ్చు.

రాళ్ళు తీయకముందే చూడాల్సినవి: పీలోనూ ఎన్‌లోనూ స్టార్టు కావాలి, ఆర్‌లోనూ డీలోనూ కాకూడదు. ఇది పరీక్షించేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉండాలి. ఆర్‌లో రివర్స్ లైటు వెలగాలి. డ్యాష్ మీది అక్షరం, లివర్ పక్క అక్షరం ఒకటే కావాలి. ఆ తర్వాత కొద్దిపాటి వాలు మీద, చక్రానికి ఒక జానెడు దూరంలో రాయి పెట్టి, పీలో వేసి, హ్యాండ్ బ్రేకు లేకుండా కాలు మెల్లగా ఎత్తండి. బండి ఒక్కసారి చిన్నగా ఊగి ఆగిపోవాలి. రాయి దాకా వచ్చిందంటే మళ్ళీ కిందకు దూరాల్సిందే.