టీవీలో కోడీకి ఇంటి కంప్యూటర్ కనబడకపోతే: సమస్య - పరిష్కారం

ఆండ్రాయిడ్ టీవీ బాక్సులో కోడీ అనే మీడియా ప్లేయర్ యాప్ వేసుకున్నారు. సినిమాలు, పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు అన్నీ పక్క గదిలో విండోస్ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఫోల్డర్‌ను షేర్ కూడా చేశారు. విండోస్ ఫోల్డర్లను నెట్‌వర్క్ మీద పంచుకునే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. తీరా కోడీలో 'విండోస్ నెట్‌వర్క్ (ఎస్‌ఎంబీ)' నొక్కితే ఖాళీ తెర వస్తుంది, లేదంటే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అని వస్తుంది. ఇంటర్నెట్ మాత్రం రెండింటిలోనూ శుభ్రంగా పనిచేస్తోంది. ఇక టెన్షన్ మొదలు.

ఇక్కడ చాలామంది కంప్యూటర్‌లో కనబడ్డ సెట్టింగ్ అల్లా మార్చేస్తారు. ఫైర్‌వాల్ ఆపేస్తారు, ఎస్‌ఎంబీ1 (ఎస్‌ఎంబీ పాత వెర్షన్) ఆన్ చేస్తారు, రౌటర్ రీసెట్ కొడతారు. వీటిలో ఏదీ ముందుగా చేయాల్సింది కాదు. ఒక కంప్యూటర్ జాబితాలో కనబడటం వేరు, దాని ఫోల్డర్ తెరుచుకోవడం వేరు. జాబితా కోసం ప్లేయర్ నెట్‌వర్క్ అంతటికీ 'ఎవరున్నారు?' అని కేక వేస్తుంది, జవాబిచ్చిన వాళ్ల పేర్లే చూపిస్తుంది. ఫోల్డర్ తెరవడానికి ఆ కేకతో పనిలేదు, నేరుగా ఆ కంప్యూటర్ ఐపీ అడ్రస్‌కు (నెట్‌వర్క్‌లో దాని నంబర్), అక్కడ ఎస్‌ఎంబీ వాడే టీసీపీ పోర్ట్ 445 అనే తలుపుకు వెళ్తుంది. కాబట్టి జాబితా ఖాళీగా ఉన్నంత మాత్రాన షేరింగ్ చెడిపోయినట్టు కాదు.

ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి

కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' (ipconfig) కమాండ్ ఇవ్వండి. 'ఐపీవీ4 అడ్రస్' అన్న వరుసలో 192.168.1.7 లాంటి అంకె ఉంటుంది, రాసుకోండి. ఇప్పుడు కోడీలో వీడియోస్, ఫైల్స్, యాడ్ వీడియోస్, బ్రౌజ్ వరుసగా నొక్కుతూ వెళ్లండి. అక్కడ 'విండోస్ నెట్‌వర్క్' జోలికి పోకుండా, కింద ఉండే 'యాడ్ నెట్‌వర్క్ లొకేషన్' నొక్కండి. ప్రోటోకాల్ దగ్గర ఎస్‌ఎంబీ ఎంచుకుని, సర్వర్ నేమ్ దగ్గర కంప్యూటర్ పేరు కాకుండా ఆ ఐపీ ఇవ్వండి.

షేర్డ్ ఫోల్డర్ అని అడిగే చోట చాలామంది తడబడతారు. అక్కడ ఇవ్వాల్సింది 'డీ డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్' అన్న దారి కాదు, షేర్ పేరు. కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్ చూడండి. నెట్‌వర్క్ పాత్‌లో కంప్యూటర్ పేరు తర్వాత ఉన్నదే ఇక్కడ రాయాలి. ఆ తర్వాత యూజర్ నేమ్, పాస్‌వర్డ్.

ఇలా చేస్తే మూడింట్లో ఒకటి జరుగుతుంది. ఫోల్డర్ తెరుచుకుంటుంది, లేదా పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతుంది, లేదా కాసేపు తిరిగి తిరిగి 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అంటుంది. మీకు ఏది వచ్చిందో చూసుకుని కింద ఆ భాగానికి వెళ్లండి.

తెరుచుకుంది, కానీ జాబితాలో మాత్రం లేదు

మీ పని అయిపోయినట్టే. జాబితా ఎందుకు రాలేదో తెలుసుకోవాలని ఉంటేనే మిగతాది చదవండి.

పాతకాలపు విండోస్‌లో ఆ జాబితాను 'కంప్యూటర్ బ్రౌజర్' అనే సర్వీస్ తయారుచేసేది. అది ఎస్‌ఎంబీ1 మీద ఆధారపడింది. 2017 మేలో వాన్నాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఆ ఎస్‌ఎంబీ1లో ఉన్న లోపం ద్వారానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చినా, వేసుకోని మెషీన్లు దొరికిపోయాయి. ఎస్‌ఎంబీ1ను వదిలించుకోవాలని మైక్రోసాఫ్ట్ అప్పటికే చెబుతూ వచ్చింది. 2017 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎస్‌ఎంబీ1 దానంతట అది రావడం మానేసింది. దాంతోపాటే పాత జాబితా కూడా పోయింది.

దాని స్థానంలో ఇప్పుడు విండోస్ వాడేది డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే పద్ధతి. పైన చెప్పిన 'ఎవరున్నారు?' కేక ఇదే. యూడీపీ పోర్ట్ 3702 మీద నడుస్తుంది. కోడీలో దీనికి సపోర్ట్ 2021లో వచ్చిన వెర్షన్ 19 నుంచి ఉంది. కాబట్టి మీ బాక్సులో 18 గానీ అంతకన్నా పాతది గానీ ఉంటే జాబితా కోసం ఎదురుచూడటం దండగ, ముందు అప్‌డేట్ చేయండి. కోడీ కొత్తదే అయితే కంప్యూటర్ వైపు చూడండి. సర్వీసెస్ తెరిచి 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' నడుస్తోందో లేదో గమనించండి. ఆ కేకకు జవాబిచ్చేది అదే. ఆగి ఉంటే స్టార్ట్ చేసి, స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్‌కు మార్చండి. ఫైళ్లు లినక్స్ మెషీన్‌లో ఉంటే సాంబా (లినక్స్‌లో ఎస్‌ఎంబీ షేరింగ్ చేసే ప్రోగ్రాం) ఒక్కటే ఈ పని చేయదు, పక్కన డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రాం కూడా వేయాలి.

ఇంత చేసి సాధించేది ఒక పేరు తెర మీద కనబడటమే. నేనైతే ఐపీతో జోడించిన ఫోల్డర్‌ను అలాగే ఉంచేస్తాను. కాకపోతే ఒక జాగ్రత్త తీసుకోవాలి. రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే ఏర్పాటు) దగ్గర 'అడ్రస్ రిజర్వేషన్' ఉంటుంది. అక్కడ కంప్యూటర్‌కు ఆ ఐపీని ఖాయం చేయండి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఇంకో నంబర్ ఇస్తుంది, కోడీ పాత నంబర్‌నే పట్టుకుని వెతుకుతుంది. ల్యాప్‌టాప్ అయితే వైఫైకి, కేబుల్‌కు ఐపీలు వేర్వేరుగా ఉంటాయి. రెండూ వాడేవాళ్లు రెండింటికీ రిజర్వ్ చేసుకోవాలి.

పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతోంది

ఇది మంచి సూచన. దారి బాగానే ఉంది, కంప్యూటర్ జవాబిస్తోంది, మిమ్మల్ని గుర్తుపట్టడం లేదంతే.

మొదటి అనుమానం పిన్ మీద. రోజూ కంప్యూటర్ తెరిచేటప్పుడు కొట్టే నాలుగంకెల పిన్ ఆ మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీద నుంచి వచ్చేవాళ్లకు చెల్లదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లు యూజర్ నేమ్‌గా పూర్తి ఈమెయిల్, దాని అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఏళ్లుగా పిన్ తోనే నడిపిస్తూ ఆ పాస్‌వర్డ్ ఏమిటో మరిచిపోయినవాళ్లే ఎక్కువ.

రెండోది, పాస్‌వర్డే లేని యూజర్. 'ఇంట్లో కంప్యూటరే కదా' అని పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేస్తారు. అలాంటి అకౌంట్‌తో నెట్‌వర్క్ మీదుగా లోపలికి రాకుండా విండోస్ మామూలుగానే అడ్డుకుంటుంది. ఖాళీ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు ఇచ్చినా లాభం లేదు.

ఈ రెండింటికీ కలిపి తేలికైన మందు ఒకటుంది. టీవీ కోసమే ఒక లోకల్ యూజర్‌ను తయారుచేయండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్‌కు వెళ్లి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా జోడించే దారి ఎంచుకుని, 'టీవీ' అనో మరోటనో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో పేరు పెట్టి, రిమోట్‌తో కొట్టగలిగే పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ తర్వాత ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రెండు చోట్ల అనుమతి ఇవ్వాలి. షేరింగ్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ లోపల పర్మిషన్స్ దగ్గర ఒకసారి, పక్కనే ఉన్న సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకోసారి. ఒకచోట ఇచ్చి రెండోది మరిచిపోతే, లాగిన్ అయినట్టే అయి ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. రెండు చోట్లా 'రీడ్' చాలు. సినిమా చూడటానికి రాసే హక్కు దేనికి? పిల్లల చేతిలో రిమోట్ ఉండగా పొరపాటున డిలీట్ నొక్కినా పెళ్లి వీడియో పోదు.

ఇంతా చేసి కోడీలో పాత ఎంట్రీనే మళ్లీ నొక్కితే అది పాత పాస్‌వర్డ్‌నే పంపొచ్చు. ఆ సోర్స్‌ను తీసేసి కొత్తగా జోడించండి.

'నిన్నటిదాకా పాస్‌వర్డ్ లేకుండానే వచ్చేది, అప్‌డేట్ అయ్యాక పోయింది' అనేవాళ్లకు కారణం వేరే. విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్‌లో ఎస్‌ఎంబీ సైనింగ్ (వెళ్లే ప్రతి సందేశానికీ సంతకం లాంటి ముద్ర వేయడం) తప్పనిసరి అయింది. పాస్‌వర్డ్ లేని గెస్ట్ కనెక్షన్‌కు సైనింగ్ కుదరదు. 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' ఆఫ్ చేసి అందరికీ తెరిచి పెట్టే పాత పద్ధతి అక్కడే దెబ్బతింటుంది. సైనింగ్ తీసేసే మార్గాలు లేకపోలేదు, కానీ యూజర్, పాస్‌వర్డ్ ఇవ్వడం రెండు నిమిషాల పని. అదే చేయండి.

అన్నీ సరిగ్గా ఇచ్చినా కాదంటే కోడీలో సెట్టింగ్స్, సర్వీసెస్, ఎస్‌ఎంబీ క్లయింట్ చూడండి. ఎప్పుడో ఎవరో మ్యాక్సిమం ప్రోటోకాల్ వెర్షన్‌ను ఎస్‌ఎంబీ1కి మార్చి ఉంటే నేటి విండోస్ దాన్ని గడప దాటనివ్వదు. మినిమం ఎస్‌ఎంబీ2, మ్యాక్సిమం ఎస్‌ఎంబీ3 పెట్టి కోడీని మూసి తెరవండి.

టైమ్డ్ అవుట్ అంటోంది

ముందు రెండు ఐపీలు పక్కపక్కన పెట్టి చూడండి. టీవీ బాక్సు ఐపీ దాని నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. కంప్యూటర్‌ది 192.168.1.7, బాక్సుది 192.168.0.12 అయితే దొంగ దొరికినట్టే. మామూలు ఇంటి నెట్‌వర్క్‌లో చుక్కల మధ్య ఉండే మొదటి మూడు అంకెలూ (192.168.1 లాంటివి) కలవాలి.

మన ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందంటే, ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు గోడకు ఒక డబ్బా బిగించి వెళ్తారు. అందులోనూ వైఫై ఉంటుంది. పడకగదికి సిగ్నల్ అందదని మనం ఇంకో రౌటర్ కొని, డబ్బా నుంచి వచ్చే కేబుల్‌ను దాని 'వ్యాన్' (ఇంటర్నెట్ కేబుల్ కోసం ఉండే) పోర్టులో గుచ్చుతాం. అక్కడితో ఇంట్లో రెండు నెట్‌వర్కులు తయారయ్యాయి. రెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రెండో రౌటర్ వెనక ఉన్న పరికరం బయటి డబ్బాకు కలిసిన కంప్యూటర్‌ను చేరగలదు గానీ, బయట ఉన్నది లోపలి కంప్యూటర్‌ను చేరలేదు. అందుకే టీవీ లోపల, కంప్యూటర్ బయట ఉంటే ఐపీతో తెరుచుకుంటుంది, జాబితాలో రాదు. కంప్యూటర్ లోపల, టీవీ బయట ఉంటే ఏ దారీ లేదు. ఒకే ఇంట్లో ఒక టీవీలో వచ్చి ఇంకో టీవీలో రాకపోవడం వెనక తరచుగా ఉండేది ఇదే.

మందు రెండో రౌటర్‌ను 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ లేకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా) పెట్టడం. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే మూడు పనులు చేయాలి. దాని సొంత ఐపీని డబ్బా వరుసలోకి, ఎవరూ వాడని నంబర్‌కు, ఉదాహరణకు 192.168.1.2కు మార్చాలి. డీహెచ్‌సీపీ ఆఫ్ చేయాలి. కేబుల్‌ను వ్యాన్ పోర్టు నుంచి తీసి మామూలు ల్యాన్ పోర్టులో గుచ్చాలి. ఈ వరుస తప్పకండి, డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరవడం కష్టమవుతుంది.

అంకెలు కలిసినా రాకపోతే టీవీ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ వైఫై పనే ఒక పరికరాన్ని ఇంకోదానికి కనబడనీయకపోవడం. రౌటర్‌లో 'ఏపీ ఐసొలేషన్' ఆన్‌లో ఉన్నా అంతే. బాక్సులో గానీ కంప్యూటర్‌లో గానీ వీపీఎన్ నడుస్తుంటే ఆపి చూడండి. విదేశాల్లో ఉంటూ ఇండియా యాప్‌ల కోసం టీవీ బాక్సులో వీపీఎన్ వేసుకునేవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు. కొన్ని వీపీఎన్ యాప్‌లలో లోకల్ నెట్‌వర్క్‌ను వదిలేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే రెండూ నడుస్తాయి.

తర్వాత కంప్యూటర్. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిస్తే ప్రొఫైల్ పబ్లిక్ అనో ప్రైవేట్ అనో ఉంటుంది. పబ్లిక్ అంటే విండోస్ దృష్టిలో అది రైల్వే స్టేషన్ వైఫై, షేరింగ్ తలుపులన్నీ మూసేస్తుంది. ఇంటి వైఫైని ప్రైవేట్ చేయండి, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉండొచ్చు, అందులోనూ ఈ నెట్‌వర్క్‌ను ఇల్లు అనో నమ్మదగినది అనో గుర్తు పెట్టాలి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం పరీక్షకు ఒక నిమిషం చాలు, అలాగే వదిలేయకండి.

పింగ్ (కంప్యూటర్ పలుకుతోందా అని అడిగే కమాండ్) చేసి జవాబు రాలేదని కంప్యూటర్ కలవలేదనుకోవద్దు. ఫైల్ షేరింగ్ ఆఫ్‌లో ఉంటే విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబివ్వదు. ఇంకో సంగతి, కంప్యూటర్ స్లీప్‌లోకి జారుకున్నా టైమ్డ్ అవుటే వస్తుంది. సాయంత్రం బాగా వచ్చి, రాత్రి భోజనాలయ్యాక రాకపోతే ముందు పవర్ సెట్టింగ్స్ చూడండి.

ప్లేయర్ కోడీ కాదు, వీఎల్‌సీ

ఐఫోన్, ఐప్యాడ్‌లలో ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కూ లోకల్ నెట్‌వర్క్ అనుమతి విడిగా ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు వద్దని నొక్కేసి ఉంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద లోకల్ నెట్‌వర్క్‌లో వీఎల్‌సీని ఆన్ చేయండి. ఫైళ్లు మ్యాక్‌లో ఉంటే, ఫైల్ షేరింగ్ ఆప్షన్స్‌లో 'విండోస్ ఫైల్ షేరింగ్' కింద మీ యూజర్ పేరుకు టిక్ పెట్టి పాస్‌వర్డ్ ఇవ్వాలి.

పాత మీడియా ప్లేయర్, ఎస్‌ఎంబీ1 తప్ప ఇంకోటి తెలియదు

పదేళ్ల కిందటి డబ్బాలు కొన్ని ఇలాగే ఉంటాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. వాటి కోసం కంప్యూటర్‌లో ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమనే సలహా విస్తారంగా దొరుకుతుంది. చేయకండి. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో పాత తలుపు తెరిచి పెట్టి సినిమా చూడాల్సిన అవసరం లేదు.

అలాంటి ప్లేయర్లకు తరచుగా డీఎల్‌ఎన్‌ఏ (ఇంటి నెట్‌వర్క్‌లో వీడియోలు పంచే ఇంకో పద్ధతి) వచ్చు. విండోస్‌లో 'మీడియా స్ట్రీమింగ్ ఆప్షన్స్' అని వెతికి ఆన్ చేస్తే, లైబ్రరీలో ఉన్న వీడియోలు ప్లేయర్‌లో మీడియా సర్వర్ కింద కనబడతాయి. దీనికి పాస్‌వర్డ్ గొడవ లేదు. అయితే ఇది పూర్తిగా కేక మీదే ఆధారపడిన పద్ధతి, యూడీపీ 1900 మీద నడుస్తుంది, ఐపీ కొట్టి తప్పించుకునే వీలు మామూలుగా ఉండదు. అందుకని పైన చెప్పిన రెండు రౌటర్ల సమస్య ముందు తీరాలి. పేరు కనబడి, కొన్ని ఫైళ్లు మాత్రం 'సపోర్ట్ చేయదు' అంటే నెట్‌వర్క్ తప్పు కాదు, ఆ ప్లేయర్‌కు ఆ కోడెక్ (వీడియోను కుదించిన పద్ధతి) రాదు. దానికి కంప్యూటర్‌లో జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ ప్రోగ్రాం వేసుకుంటే ఫైల్‌ను అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. కంప్యూటర్ మరీ పాతదైతే ఆ మార్పిడి భారం మోయలేదు, అప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసి గుచ్చడమే సుఖం.