జెండర్ పాఠాలు – 2: నాలుగు ప్రశ్నలను విడదీసి అడగడం

గత పాఠంలో నాలుగు భావనలను పరిచయం చేసుకున్నాం. పుట్టుకతో వచ్చే శరీర నిర్మాణం లింగం. తాను స్త్రీనా, పురుషుడినా, ఈ రెండింటిలోనూ ఇమడని వ్యక్తినా అని మనిషి తన గురించి తాను ఎరిగి ఉండేది జెండర్ గుర్తింపు. ఎవరి పట్ల ఆకర్షణ కలుగుతుంది, అసలు కలుగుతుందా అన్నది లైంగికత. ఆడవాళ్లు ఇలా ఉండాలి, మగవాళ్లు ఈ పని చేయాలి అని సంఘం అప్పగించేవి సామాజిక పాత్రలు. ఒక మాటగానీ, ఆచారంగానీ, చట్టంగానీ ఎదురైనప్పుడు అది ఈ నాలుగింటిలో దేన్ని గురించి మాట్లాడుతోందో గుర్తుపట్టడం ఈ పాఠంలో అభ్యాసం చేయవలసిన నైపుణ్యం.

ముందుగా తేలికైనది చూద్దాం. "ఆడపిల్లవు, వంట రాకపోతే ఎలా?" అన్న మాటలో మొదటి సగం లింగాన్ని చూసి అన్నది, రెండో సగం పాత్రను అంటగడుతోంది. బిడ్డను కనడం శరీరానికి సంబంధించిన సంగతి. వంట నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చించారు. ఇంత తేడాకు కారణాన్ని శరీరంలో వెతికితే దొరకదు.

తరువాతి ఉదాహరణ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. కృష్ణా జిల్లా కూచిపూడి సంప్రదాయంలో స్త్రీ పాత్రలను తరతరాలుగా పురుషులే ధరించారు. భామాకలాపంలో తెర మీదుగా వాలుజడ వేసి సవాలు విసిరే సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ పొందిన కీర్తి తెలిసిందే. ఆయనకు 1970లో పద్మశ్రీ లభించింది. వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో స్త్రీలకు ఈ నృత్యం నేర్పారు, నేడు సత్యభామ వేషం ఎక్కువగా స్త్రీలే కడుతున్నారు. శరీరాలు మారలేదు, ఎవరు ఏ పని చేయవచ్చు అన్న ఏర్పాటు మారింది. వేషాన్ని బట్టి వేషధారి జెండర్ గుర్తింపును గానీ, లైంగికతను గానీ నిర్ణయించకూడదన్నది కూడా ఇక్కడే గమనించాలి.

దీని పక్కనే నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టాన్ని పెట్టి చూడండి. నపుంసకులన్న పేరుతో పోలీసు రిజిస్టరులోకి ఎక్కించిన వ్యక్తి ఆడవారి దుస్తులు, నగలు ధరించి వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని అది చెప్పింది. రంగస్థలం మీద గౌరవం తెచ్చిన చీరకట్టు వీధిలో నేరమయింది. మనుషుల జెండర్ గుర్తింపునే అనుమానించదగిన నేరస్వభావంగా ఎంచిన ఈ అన్యాయమైన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది.

సుప్రీంకోర్టు తీర్పులు రెండింటిని చాలామంది కలగలిపి మాట్లాడుతుంటారు. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో వచ్చిన తీర్పు జెండర్ గుర్తింపుకు సంబంధించినది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు (పుట్టినప్పుడు నమోదైన లింగంతో జెండర్ గుర్తింపు కలవని వారికి) తమ గుర్తింపును తామే నిర్ణయించుకునే హక్కు ఉందనీ, అందుకు శస్త్రచికిత్సను షరతుగా పెట్టకూడదనీ అది చెప్పింది. 2018 సెప్టెంబరు 6 నాటి తీర్పు ప్రధానంగా లైంగికతకు సంబంధించినది. వయోజనులు పరస్పర సమ్మతితో ఏకాంతంలో నెరపే స్వలింగ సంబంధాలను అప్పటి భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ నేరపరిధి నుంచి తప్పించింది. ఒక ట్రాన్స్ స్త్రీకి, అంటే పుట్టినప్పుడు మగగా నమోదై తనను స్త్రీగా ఎరిగిన వ్యక్తికి, పురుషుడి మీద ఆకర్షణ ఉండవచ్చు, స్త్రీ మీద ఉండవచ్చు, ఎవరి మీదా లేకపోవచ్చు. జెండర్ గుర్తింపు ప్రశ్నకు వచ్చిన జవాబు నుంచి లైంగికతను ఊహించి చెప్పలేం.

అభ్యాసం: "వాడి నడక చూస్తేనే తెలుస్తోంది, పెళ్లి చేస్తే దారిలో పడతాడు" అన్న మాటను కాగితం మీద రాయండి. నడక ఏ ప్రశ్నకు చెందుతుంది? "తెలుస్తోంది" అన్నవారు ఏ ప్రశ్నకు జవాబు తెలిసిందనుకుంటున్నారు? పెళ్లితో దేన్ని మార్చాలనుకుంటున్నారు, ఆ నిర్ణయంలో పెళ్లికూతురి ఇష్టానికి చోటెక్కడ? ఒక్కోదానికి రెండు మూడు వాక్యాల్లో జవాబు రాసి ఉంచుకోండి. మూడో పాఠం వాటిని సరిచూడటంతో మొదలై, స్త్రీ పురుష శరీర లక్షణాల సాధారణ విభజనలో ఇమడని ఇంటర్‌సెక్స్ జననాల వైపు సాగుతుంది.