కాలిన గాయానికి కలబందా, తేనెనా, ప్లాస్మానా? ఎలా నిర్ణయించుకోవాలి?

చేపల పులుసు దించేటప్పుడు చట్టి జారి చేయి కాలవచ్చు. కొండపి, టంగుటూరు వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర నిప్పు తగలవచ్చు. అప్పుడు పెద్దలు కలబంద అంటారు, బంధువులు తేనె అంటారు, ఫోనులో ఎవరో ప్లాస్మా చికిత్స వీడియో పంపుతారు. ఈ మూడింటికీ ముందు చేయవలసిన పని ఒకటుంది.

మొదట నీళ్లు

కాలిన చోటును కుళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. ప్రమాదం జరిగిన మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా మేలే. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు అసలే వద్దు: గాయం లోతు డాక్టరుకు కనిపించదు, క్రిములూ చేరతాయి.

తరువాత లోతు

ఎర్రబడి మంటగా మాత్రమే ఉంటే పై పొరే కాలినట్టు. బొబ్బలెక్కి తడిగా ఉంటే ఇంకొంచెం లోతు. తెల్లగా లేదా నల్లగా, తోలులా మారి నొప్పే తెలియకపోతే ఊరట పడకండి, నరాలు కూడా కాలిపోయి ఉంటాయి. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్లు కాలినా, గాయం రోగి అరచేతిని మించినా, కరెంటు వల్లో రసాయనాల వల్లో కాలినా, గాయపడింది పసిపిల్లలైనా, వృద్ధులైనా 108కి ఫోను చేయండి. గాయంపై శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి నెల్లూరు లేదా ఒంగోలు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రకృతి మందుల హద్దు

చర్మం పై పొర మాత్రమే కాలితే కలబంద చాలు. మట్ట కోసి నిలబెట్టి పసుపు సొనను పూర్తిగా కారనివ్వాలి, అది చర్మాన్ని మండిస్తుంది. లోపలి గుజ్జే వాడాలి. పగిలిన బొబ్బపై పూయకూడదు.

తేనె సంగతి వేరు, దానికి గట్టి ఆధారమే ఉంది. 1991లో షోలాపూర్ వైద్యుడు ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది రోగులలో తేనెను కాలిన గాయాలకు పూసే సిల్వర్ సల్ఫాడయజిన్ అనే మందుతో పోల్చారు. తేనె కట్టిన గాయాలు త్వరగా మానాయి. తేనెలోని చక్కెర క్రిముల నుంచి నీటిని లాగేస్తుంది, ఆమ్లగుణం వాటిని ఎదగనివ్వదు, కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిని చంపుతుంది. అయితే వైద్యులు ఇప్పుడు వాడేది గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనె. నల్లమల తేనె ఎంత స్వచ్ఛమైనదైనా అందులో బాక్టీరియా బీజాలు ఉండవచ్చు. దాన్ని పుండు మీద పెట్టకండి.

రక్తం నుంచి తీసే మందు

రోగి రక్తాన్నే కొంత తీసి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పి, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) అధికంగా ఉన్న ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, వేరు చేస్తారు. ప్లేట్‌లెట్లు విడుదల చేసే పదార్థాలు కొత్త కణాలను, రక్తనాళాలను పెంచుతాయి. సొంత రక్తం కనుక శరీరం తిరస్కరించదు. వినడానికి బాగుంది కానీ, 2016లో వెలువడిన ఒక డచ్ పరిశోధనలో చర్మం అతికించిన 52 మందిలో ప్లాస్మా వాడిన చోటుకు, వాడని చోటుకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందువల్ల దీన్ని మొదటి చికిత్సగా ఎవరైనా అమ్మజూపితే ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం. మానడం ఆగిపోయిన మొండి పుండ్ల విషయంలో డాక్టరుతో మాట్లాడవచ్చు.

డాక్టరును అడగవలసినవి

గాయం ఎంత లోతు? చర్మం అతికించాలా? టి.టి. ఇంజక్షన్ కావాలా? ప్లాస్మా అంటే, ప్లేట్‌లెట్ల సంఖ్య సరిపోతుందా, పుండులో చీము ఉందా, ఖర్చు ఎంత, అది లేకుండా ఇదే పుండు ఎన్నాళ్లలో మానుతుంది?