ట్రస్టెడ్ సైట్స్ జాబితాలో ఏ వెబ్‌సైట్‌ను, ఎలా చేర్చాలి?

ఏదైనా వెబ్‌సైట్ సరిగా పనిచేయనప్పుడు దాన్ని ట్రస్టెడ్ సైట్స్‌లో, అంటే విండోస్‌లో మనం నమ్మే సైట్ల జాబితాలో, చేర్చుకోమనే సలహా తరచుగా వినిపిస్తుంది. చేర్చినంత మాత్రాన ఆ సైట్ సురక్షితమైపోదు. దాని విషయంలో మన కంప్యూటర్ కాపలా సడలుతుంది. అందువల్ల ముందుగా ఆ సైట్‌కు నిజంగా ఏ సడలింపు అవసరమో తేల్చుకుని, అంతమేరకే ఇవ్వడం మంచిది.

తన పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న స్వస్తి చెప్పినా, దానితో వచ్చిన భద్రతా జోన్ల (సైట్లను నమ్మకాన్ని బట్టి విడదీసే వర్గాల) ఏర్పాటు విండోస్‌లో ఇంకా కొనసాగుతోంది. స్టార్ట్ మెనూలో ‘ఇంటర్నెట్ ఆప్షన్స్’ అని వెతికి తెరిచి, అందులో ‘సెక్యూరిటీ’ ట్యాబ్‌కు వెళితే ఇంటర్నెట్, లోకల్ ఇంట్రానెట్, ట్రస్టెడ్ సైట్స్, రిస్ట్రిక్టెడ్ సైట్స్ అనే నాలుగు జోన్లు కనిపిస్తాయి. ట్రస్టెడ్ సైట్స్‌ను ఎంచుకుని, ‘సైట్స్’ బటన్ నొక్కి, చిరునామా టైప్ చేసి ‘యాడ్’ నొక్కాలి. అదే చోట చిరునామా హెచ్‌టీటీపీఎస్ (https)తోనే, అంటే ఎన్‌క్రిప్షన్ ఉన్నట్టు తెలిపే అక్షరాలతోనే, మొదలవ్వాలని కోరే టిక్ గుర్తు ఒకటి ఉంటుంది. చిరునామాను విండోస్ స్వీకరించడం లేదని చాలామంది ఆ టిక్ తీసేస్తారు. నా దృష్టిలో అది చేయకూడని పని, ఎందుకంటే ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి పంపడం) లేని సైట్ నుంచి వచ్చే సమాచారాన్ని దారిలో ఎవరైనా మార్చగలరు.

ఈ జాబితా ప్రభావం బ్రౌజర్‌తోనే ఆగదని గుర్తించడం చాలా ముఖ్యం. ఇంటర్నెట్ నుంచి దిగుమతి చేసుకున్న ఫైలుకు విండోస్ ఒక ముద్ర వేస్తుంది, ఆ ముద్రను చూసే వర్డ్, ఎక్సెల్ అందులోని మాక్రోలను (ఫైలులో దాగి తమంతట తాము పనులు చేసే చిన్న ప్రోగ్రాములను) అడ్డుకుంటాయి. ట్రస్టెడ్ సైట్స్‌లో ఉన్న చోటు నుంచి వచ్చిన ఫైళ్లకు చాలా సందర్భాల్లో ఆ ముద్ర పడదు. కాబట్టి ఎవరు పడితే వారు ఫైళ్లు పెట్టగలిగే నిల్వ సేవలను మొత్తంగా, ముఖ్యంగా ముందు నక్షత్ర గుర్తు పెట్టి అన్ని ఉపచిరునామాలూ కలిసేలా, ఇందులో చేర్చడం ప్రమాదకరం. కావలసిన ఒక్క చిరునామాను పూర్తిగా రాయండి.

పాపప్‌లు, కెమెరా, మైక్, లొకేషన్, నోటిఫికేషన్ల వంటి అనుమతుల కోసం ఈ జాబితాను ముట్టుకోనక్కరలేదు, వాటిని బ్రౌజరే విడిగా చూసుకుంటుంది. క్రోమ్‌లో సెట్టింగ్స్‌లోని ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘సైట్ సెట్టింగ్స్’ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ పేజీలోని ‘పర్మిషన్స్’ విభాగాన్ని, సఫారీలో సెట్టింగ్స్‌లోని ‘వెబ్‌సైట్స్’ ట్యాబ్‌ను చూడాలి. పాపప్ రాకపోవడమే సమస్య అయితే, పాపప్‌ల అనుమతిని ఆ ఒక్క సైట్‌కు ఇచ్చి ఊరుకోండి. నోటిఫికేషన్ల విషయంలో మాత్రం నేను కఠినంగానే ఉంటాను: వార్త చదవడానికి వెళ్లిన పేజీ అనుమతి అడిగితే కాదనడమే మేలు, ఎందుకంటే మోసపూరిత హెచ్చరికలు ఆ దారినే ఎక్కువగా వస్తుంటాయి.

సైట్ గుర్తింపును ధ్రువీకరించే సర్టిఫికెట్‌లో లోపం ఉందని బ్రౌజర్ హెచ్చరిస్తే దానికి ట్రస్టెడ్ సైట్స్ విరుగుడు కాదు. మొదట కంప్యూటర్ తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడాలి. అవి తప్పితే సరైన సర్టిఫికెట్ కూడా గడువు తీరినట్టు కనిపిస్తుంది. చిరునామా పట్టీలో కనిపించే తాళం గుర్తును చూసి నమ్మకం పెంచుకోవడమూ సరికాదు. సర్టిఫికెట్లు ఉచితంగానే దొరుకుతాయి గనుక మోసగాళ్ల సైట్లకూ అవి ఉంటాయి. క్రోమ్ 2023లో చిరునామా పట్టీ నుంచి తాళం బొమ్మను తీసేసి సెట్టింగ్స్ గుర్తు పెట్టడానికి ఈ అపోహ కూడా ఒక కారణం.

కొన్ని నెలలకోసారి ఇంటర్నెట్ ఆప్షన్స్‌లోనూ బ్రౌజర్‌లోనూ ఉన్న జాబితాలు తెరిచి, పని ముగిసిన సైట్లను ఎంచుకుని ‘రిమూవ్’ నొక్కండి. ఆఫీసు కంప్యూటర్‌లో ఆ బటన్లు మసకగా కనిపిస్తూ నొక్కడానికి వీలు కాకపోతే, జాబితాను సంస్థ నిర్వాహకులు విధానం ద్వారా నిర్ణయించారని అర్థం. అప్పుడు మార్పు కోసం వారినే అడగాలి.