లిక్విడ్ క్రిస్టల్‌లో కరిగించిన పాలిమర్: రియోమీటర్ రీడింగులు నిలవనప్పుడు

పాలిమర్ కరిగించిన లిక్విడ్ క్రిస్టల్ స్నిగ్ధతను రియోమీటర్‌తో (రెండు ప్లేట్ల మధ్య ద్రవాన్ని తిప్పి కొలిచే యంత్రం) కొలిచే పని చెన్నై ల్యాబుల్లో మొదలుపెట్టే మన తెలుగు పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే: "అక్కా, నిన్నటి రీడింగ్ ఇవాళ రావట్లేదు, పాలిమర్ పాడైపోయిందా?" చాలాసార్లు పాలిమర్ బాగానే ఉంటుంది. మారింది డైరెక్టర్.

నెమాటిక్ ద్రవంలో (ఇది ఒక రకం లిక్విడ్ క్రిస్టల్) అణువులు దాదాపు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి, ఆ దిక్కునే డైరెక్టర్ అంటాం. అది ప్రవాహం వెంట ఉంటే ద్రవం తేలిగ్గా జారుతుంది. ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటు వైపు నిలబడితే 5సీబీలో (తరచూ వాడే ఒక నెమాటిక్ ద్రవం) స్నిగ్ధత సుమారు అయిదు రెట్లు ఎక్కువ. అందుకే పాలిమర్‌ను అనుమానించే ముందు డైరెక్టర్ ఎటు ఉందో అడగండి.

వేడి చేస్తే స్నిగ్ధత పెరుగుతోంది

మామూలు ద్రవమైతే తగ్గాలి. 5సీబీ నెమాటిక్‌గా ఉండేది సుమారు 24 నుంచి 35 డిగ్రీల మధ్యే. 35 దాటగానే వరస చెదిరి ఐసోట్రోపిక్ (ప్రత్యేకంగా ఏ దిక్కూ లేని మామూలు ద్రవం) అవుతుంది, ప్రవాహం వెంట ఒదిగిన అణువుల వల్ల వచ్చిన తేలికదనం పోతుంది, రీడింగ్ ఒక్కసారి పైకి లేస్తుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే చెన్నైలో గదే ఆ హద్దు దాటగలదు. పైగా పాలిమర్ కలిపితే ఆ హద్దు కూడా జరుగుతుంది. కాబట్టి ప్రతి శాంపిల్‌కీ ముందు మైక్రోస్కోప్ కింద హద్దు ఎక్కడుందో చూసి, దానికి ఎన్ని డిగ్రీలు కింద కొలిచారో రాసుకోండి. వేర్వేరు గాఢతల్ని ఒకే ఉష్ణోగ్రత దగ్గర పోలిస్తే తప్పుదారి పడతారు.

ప్లేటు అంచున తడి, టార్క్ (ప్లేటును తిప్పే బలం) మెల్లగా మారుతోంది

ఇది ఊరి గాలి చేసే పని. ఇక్కడ ఉక్కపోత రోజుల్లో డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 25 దగ్గర ఉంటుంది. ప్లేటును అంతకన్నా చల్లగా పెడితే నీరు పడుతుంది. 28కి తగ్గకుండా కొలవండి, లేదా చుట్టూ పొడి నైట్రోజన్ వదలండి.

లోడ్ చేసిన ప్రతిసారీ కొత్త అంకె

ప్లేట్లు దగ్గరికి నొక్కేటప్పుడే డైరెక్టర్ ఎటో లాగబడి ఉంటుంది. ఆ గతాన్ని చెరిపేయాలి. శాంపిల్‌ను ఐసోట్రోపిక్‌లోకి వేడి చేసి, ప్రతిసారీ ఒకే వేగంతో చల్లార్చి, ఒకే మోతాదు స్ట్రెయిన్ (ద్రవం మొత్తం ఎంత జరిగిందన్న కొలత) ఇచ్చి మొదలుపెట్టండి. నిమిషాలు లెక్కపెట్టకండి, స్ట్రెయిన్ లెక్కపెట్టండి.

షియర్ (ఒక ప్లేటు తిప్పి ద్రవాన్ని పక్కకు లాగడం) మొదలవగానే స్ట్రెస్ (దానికి ద్రవం ఎదురు చూపే బలం) ఎక్కుతూ దిగుతూ ఉంది

నాకు అన్నిటికన్నా ఇష్టమైన లక్షణం ఇదే. మొదటిసారి చూసినప్పుడు మోటారు చెడిపోయిందనుకుని రెండు వారాలు కాలిబ్రేషన్‌లోనే గడిపాను. తేల్చుకునే దారి చాలా సులువు: రెండు మూడు షియర్ రేట్ల దగ్గర కొలిచి, కాలానికి బదులు స్ట్రెయిన్ మీద గీయండి. శిఖరాలన్నీ ఒకే స్ట్రెయిన్ దగ్గర పడితే అది డైరెక్టర్ తిరుగుడు. స్ట్రెయిన్ మీద కుదరకుండా ఒకే సమయం దగ్గర పడితే యంత్రం తాలూకు జడత్వం.

స్వచ్ఛమైన 5సీబీలో డైరెక్టర్ ప్రవాహానికి కొద్ది డిగ్రీల వాలులో ఆగిపోతుంది. లెస్లీ గుణకాలు (ప్రవాహం డైరెక్టర్‌ను ఎలా తిప్పుతుందో చెప్పే అంకెలు) ఆల్ఫా 2, ఆల్ఫా 3 రెండూ రుణంగా (మైనస్‌గా) ఉన్నంతవరకే ఆ ఆగడం. 1979లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రాన్స్‌వాజ్ బ్రోషార్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం, కలిపిన పాలిమర్ గొలుసు ఆకారం ఆల్ఫా 3ని కదిలిస్తుంది. మెసోజెన్లు (లిక్విడ్ క్రిస్టల్ వరసను ఇచ్చే గట్టి ముక్కలు) పక్కకు వేలాడే సైడ్-చైన్ పాలిమర్ చాలాసార్లు డైరెక్టర్‌కు అడ్డంగా, అరిసెలా చదునుగా ఉంటుంది. అది ఆల్ఫా 3ని ధనం వైపు నెడుతుంది. గుర్తు మారిందంటే డైరెక్టర్‌కు ఆగే కోణమే లేదు, దొర్లుతూనే ఉంటుంది. ప్లేట్లకు నిలువుగా వచ్చిన ప్రతిసారీ స్ట్రెస్ ఎగుస్తుంది. మెసోజెన్లు వెన్నులోనే ఉన్న మెయిన్-చైన్ పాలిమర్ ములక్కాడలా డైరెక్టర్ వెంట సాగి ఉంటుంది. అది ఆల్ఫా 3ని ఇంకా రుణం వైపే లాగుతుంది.

ఊగిసలాట వద్దనుకుంటే సైడ్-చైన్ గాఢత తగ్గించండి, లేదా మెయిన్-చైన్‌కు మారండి. కావాలనుకుంటే కోన్-ప్లేట్ (ఒక ప్లేటు బదులు శంకువు, దానిలో స్ట్రెయిన్ అంతటా ఒకేలా ఉంటుంది) వాడండి. సమాంతర ప్లేట్లలో మధ్య నుంచి అంచుకు స్ట్రెయిన్ మారుతుంది కనుక శిఖరాలు ఒకదానిలో ఒకటి కలిసి చెరిగిపోతాయి. ద్రావకం 8సీబీ (5సీబీ లాంటిదే, తోక పొడవు ఎక్కువ) అయితే ఒక జాగ్రత్త: స్మెక్టిక్ (అణువులు పొరలుగా సర్దుకునే దశ) హద్దుకు దగ్గరలో అది పాలిమర్ లేకుండానే దొర్లుతుంది. వట్టి ద్రావకంతో ఒక రన్ తప్పకుండా చేయండి.

శాంపిల్ మబ్బుగా ఉంది, రీడింగ్ రోజురోజుకీ జారుతోంది

నెమాటిక్ సహజంగానే మబ్బుగా ఉంటుంది, అంతమాత్రాన టెన్షన్ వద్దు. వేడి చేస్తే ఒక్క డిగ్రీ లోపలే తేటపడితే క్షేమం. చాలా డిగ్రీల మేర సాగుతూ, క్రాస్డ్ పోలరైజర్ల మధ్య వెలుగులో నల్లటి చుక్కలు కనిపిస్తే పాలిమర్ విడిపోతోంది. పాలిస్టైరీన్ లాంటి ఉండచుట్టిన గొలుసులు వరసను చెడగొడతాయి, నెమాటిక్ వాటిని బయటికి నెడుతుంది. ద్రావకం అణువుని పోలిన మెసోజెన్లు ఉన్న పాలిమర్, తక్కువ అణుభారంతో, తీసుకోండి.

చుక్కలు లేకుండానే తేటపడే ఉష్ణోగ్రత కిందికి దిగి ఉంటే, కలపడానికి వాడిన డైక్లోరోమీథేన్ ఇంకా లోపలే ఉండి ఉండొచ్చు. వాక్యూమ్‌లో పెట్టి, వరసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఆరనిచ్చి, అప్పుడే లోడ్ చేయండి.