ఒకే డేటా రెండు డిస్కుల్లో: డిస్క్‌పార్ట్‌తో మిర్రర్ పెట్టడం ఎలా?

పర్లాకిమిడిలో మాది చిన్న ఫొటో స్టూడియో. సరిహద్దు దాటితే పాతపట్నం, కాబట్టి ముహూర్తాల రోజుల్లో అటు ఆంధ్రా పెళ్ళిళ్ళూ ఇటు ఒడిశా పెళ్ళిళ్ళూ మావే. ఆ ఫొటోలన్నీ ఒక్క హార్డ్‌డిస్కులో పెట్టుకుని నిద్రపోవడం ఎవరివల్లా కాదు. అందుకే మిర్రర్. ఫైలు ఒకసారి సేవ్ చేస్తే రెండు డిస్కుల్లోనూ పడుతుంది, ఒకటి పోయినా రెండోదానితో పని నడుస్తుంది. దీన్నే రెయిడ్ 1 అంటారు. విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ల పనిముట్టుతో దీన్ని పెట్టుకోవచ్చు.

దీనికి విండోస్ ప్రో ఉండాలి. హోమ్ ఎడిషన్‌లో డైనమిక్ డిస్కులు (మిర్రర్ లాంటివి పెట్టుకోనిచ్చే డిస్కు పద్ధతి, మామూలు పద్ధతిని బేసిక్ అంటారు) కుదరవు. కొత్త డిస్కు పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి, సిస్టమ్ లోపలే బిగించాలి. యూఎస్‌బీ డిస్కుతో ఈ పని జరగదు. మొదలుపెట్టే ముందు డేటా మొత్తం వేరే చోటికి కాపీ చేసుకోండి. ఈ ఒక్క మాట దగ్గర బద్ధకించొద్దు.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. మీరు ఇంగ్లిషు అక్షరాలతోనే కొట్టాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని తెరిచి మొదలుపెట్టండి:

డిస్క్‌పార్ట్
లిస్ట్ డిస్క్

ఇక్కడ కాసేపు ఆగండి. నా సిస్టమ్‌లో 0 విండోస్ డిస్కు, 1 ఫొటోల డిస్కు, 2 కొత్తది. మీ దగ్గర వరస మారొచ్చు. రెండూ 1 టీబీవి అయితే రెంటి పక్కనా 931 జీబీ అనే కనిపిస్తుంది, ఏది ఏదో తేలదు. అప్పుడు సెలెక్ట్ డిస్క్ 1 అని, వెంటనే డీటెయిల్ డిస్క్ కొట్టండి. కంపెనీ మోడల్, దానిమీదున్న డ్రైవ్ అక్షరం బయటపడతాయి. నంబర్లు కాగితం మీద రాసుకోండి. కొత్తది అనుకుని పాతదాని మీద 'క్లీన్' కొడితే పార్టిషన్లన్నీ (డిస్కులోని భాగాలు) ఎగిరిపోతాయి. డిస్క్‌పార్ట్ మిమ్మల్ని 'నిజంగానా?' అని కూడా అడగదు.

ఇంకో సంగతి. లిస్ట్‌లో పాత డిస్కుకు ఎదురుగా జీపీటీ గడిలో నక్షత్రం గుర్తు (*) ఉందా చూడండి. ఉంటే కొత్తదాన్నీ జీపీటీగా మార్చాలి, లేకపోతే ఎంబీఆర్‌గా. ఇవి డిస్కు మీద పార్టిషన్ల లెక్క రాసుకునే రెండు పద్ధతులు. డిస్కులు రెండూ ఒకే రకమైతే తర్వాత స్థలం చాలలేదనే గొడవ తగ్గుతుంది.

సెలెక్ట్ డిస్క్ 2
కన్వర్ట్ జీపీటీ
కన్వర్ట్ డైనమిక్
సెలెక్ట్ డిస్క్ 1
కన్వర్ట్ డైనమిక్

పాత డిస్కులో డేటా అలాగే ఉంటుంది. కానీ దాన్ని మళ్ళీ బేసిక్‌గా మార్చాలంటే వాల్యూమ్‌లన్నీ తీసెయ్యాలి. వాల్యూమ్ అంటే సీ, డీ లాంటి అక్షరంతో కనిపించే డ్రైవ్. ఒకే కంప్యూటర్లో విండోస్‌తో పాటు లినక్స్ కూడా పెట్టుకున్నవాళ్ళు ఈ పని చేయకపోవడమే మంచిది.

లిస్ట్ వాల్యూమ్
సెలెక్ట్ వాల్యూమ్ 3
యాడ్ డిస్క్=2

నా దగ్గర ఫొటోల వాల్యూమ్ నంబరు 3, మీరు మీ లిస్ట్‌లో ఉన్న నంబరు కొట్టండి. మీరు సెలెక్ట్ చేసిన వాల్యూమ్ అసలు, యాడ్ చేసిన డిస్కు నకలు. స్థలం చాలలేదంటే వాల్యూమ్‌ను సెలెక్ట్ చేసి ష్రింక్ డిజైర్డ్=500 కొట్టండి. అది 500 ఎంబీ తగ్గుతుంది, తర్వాత మళ్ళీ యాడ్ చేయండి.

ఇప్పుడు లిస్ట్ వాల్యూమ్‌లో స్థితి 'రీబిల్డ్' అని ఉంటుంది. ఖాళీ జాగాతో సహా మొత్తం కాపీ చేస్తుంది కాబట్టి గంటలు పడుతుంది. ఎంత శాతం అయిందో తెలియాలంటే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికొస్తుంది. 2018లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఏం చేసిందో చూసినవాణ్ణి, యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగను.

'హెల్దీ' అని రాగానే పని అయిపోయింది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఒక డిస్కు ఎప్పుడో పోయింది. ఫొటోలు మామూలుగానే తెరుచుకుంటున్నాయి కాబట్టి నెలల తరబడి తెలియలేదు. తర్వాత రెండోదీ పోయింది. ఆ వారమే ఒక పెద్దాయన వచ్చి, "బాబూ, మా పాప పెళ్ళి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసిస్తావా?" అని అడిగారు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. తప్పు డిస్కుది కాదు, చూడని నాది. ఇప్పుడు ప్రతి శనివారం షట్టరు దించే ముందు లిస్ట్ వాల్యూమ్ కొడతాను. 'ఫెయిల్డ్ ఆర్‌డీ' అని కనిపిస్తే ఒక డిస్కు రాలిపోయినట్టే.

అప్పుడు లిస్ట్ డిస్క్‌లో పోయిన డిస్కు 'ఎం0' పేరుతో, 'మిస్సింగ్' అని ఉంటుంది. ముందు మిగిలిన డిస్కులోని డేటా వేరే చోటికి కాపీ చేసి, సిస్టమ్ ఆపి, కొత్త డిస్కు బిగించి:

సెలెక్ట్ వాల్యూమ్ 3
బ్రేక్ డిస్క్=ఎం0 నోకీప్
సెలెక్ట్ డిస్క్ ఎం0
డిలీట్ డిస్క్

తర్వాత కొత్తదాన్ని మొదట్లోలాగే డైనమిక్ చేసి, వాల్యూమ్‌ను మళ్ళీ సెలెక్ట్ చేసి యాడ్ చేయాలి. ఈలోపు నంబర్లు మారి ఉండొచ్చు, పాత కాగితాన్ని నమ్మకండి.

మైక్రోసాఫ్ట్ ఇప్పుడు డైనమిక్ డిస్కులకు బదులు స్టోరేజ్ స్పేసెస్ వాడమంటోంది. అది డిస్కుల్ని 'పూల్' అనే ఒకే గుంపుగా కలిపే విండోస్ సదుపాయం. రెండు డిస్కులూ ఖాళీవైతే అదే నయం. పూల్‌లో చేర్చేటప్పుడు డిస్కులు తుడిచిపెట్టుకుపోతాయి కాబట్టి, నిండిన డిస్కు ఉన్నవాళ్ళకు పై దారే సులువు.

మిర్రర్‌లో ఒకచోట డిలీట్ అయిన ఫైలు రెండోచోటా అదే క్షణంలో పోతుంది. వైరస్ పట్టినా అంతే. అందుకే పెళ్ళి ఆల్బమ్ అప్పగించే దాకా ఆ ఫొటోల కాపీ ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంటుంది. స్టూడియోలో కాదు, ఇంట్లో బీరువాలో.